నెల తప్పలేదు, ఆలస్యమైంది

మా వైపు 'నెల తప్పింది' అంటే అర్థం ఒక్కటే. నెలసరి ఆలస్యమైందని కాదు, ఆవిడ గర్భవతి అని. ఆ రెండు మాటలూ అన్నాక ఇక వివరం చెప్పనక్కర్లేదు. వినేవాళ్ళు ఎన్నో నెల అని అడుగుతారు, ఏం తినబుద్ధేస్తోంది అని అడుగుతారు. అంత బరువున్న మాటను తొందరపడి అనకూడదని నేను నేర్చుకున్నాను. అదెలా నేర్చుకున్నానో ముందు చెబుతాను. చెప్పకపోతే తరవాత జరిగిందంతా ఉత్త మొండితనంలా కనిపిస్తుంది.

మాది చల్లపల్లికి దగ్గర్లో కాలవ గట్టు మీది ఊరు. ఒకప్పుడు ఆ ఊరి మాగాణిలో సగం మాది. తాతగారి హయాంలో కొంత కోర్టులకు పోయింది, నాన్నగారి హయాంలో మిగిలింది చేపల చెరువుల్లో మునిగింది. మా మేడ ఇప్పుడు కల్యాణ మండపం. తాతగారు తగువులు తీర్చిన హాల్లో బఫే బల్లలు వేస్తున్నారట. పిలుపులు వస్తుంటాయి గానీ నేను వెళ్ళను. మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు నిటారుగా కూర్చోవడం నేర్పేవారు. కుర్చీ ఎక్కడ దొరికినా వీపు ఆనించకూడదు. ఆనించేవాళ్ళు అలిసిపోయిన వాళ్ళని లోకానికి తెలిసిపోతుందని నాన్నగారు అనేవారు. ఆస్తి పోయాక ఆయన ఇంకా నిటారుగా కూర్చున్నారు.

పెళ్ళయిన నాలుగో ఏడు ఒకసారి నాకు నెల రాలేదు. ఆగలేక మా పెద్దమ్మకు ఫోన్ చేసి, "నెల తప్పింది పెద్దమ్మా" అన్నాను. ఆవిడ నాన్నగారి అన్నగారి భార్య. మా వంశంలో ఊళ్ళో మిగిలింది ఆవిడొక్కతే. అప్పటికి గుడి వెనక అద్దె వాటాలో ఉంటోంది. ఆ సాయంత్రానికల్లా గుళ్ళో నా పేరున అర్చన, వీధి వీధికీ చలిమిడి. వారం తిరక్కుండా నేను బయట చేరాను. ఆ తరవాత చాలాకాలం ఊళ్ళో ఎవరు ఎదురైనా నా మొహం కాక నా నడుం వంక చూసేవారు. అప్పుడే అనుకున్నాను, ఆ మాట మళ్ళీ నా నోట రాకూడదని.

ఆపైన పరీక్షలు, మందులు, మొక్కులు అన్నీ అయ్యాయి. నలభై దగ్గర పడుతుండగా నేనూ మా వారూ ఆ సంగతి మాట్లాడుకోవడమే మానేశాం.

మాఘం

పోయిన మాఘమాసంలో మొదలైంది ఇది.

మా ఇంటికి మిగిలిన మర్యాద ఒక్కటే ఒక్కటి. మా ఊరి వేణుగోపాలస్వామి కల్యాణానికి పసుపు దంచేటప్పుడు తొలి పోటు మా ఇంటి ఆడవాళ్ళది. మగపిల్లలు లేని ఇల్లు కనక, పెళ్ళయి వెళ్ళినా ఆ పోటు నాకే ఉండాలని పెద్దమ్మ గుడివాళ్ళతో వాదించి నిలబెట్టింది. పెద్దమ్మకు మోకాళ్ళు పోయాయి. ఆ రోజు నేను వెళ్ళకపోతే రోకలి మా మేడ కొనుక్కున్న వాళ్ళ చేతికి వెళుతుంది.

"వసూ, ఈసారి నీ రోజులెట్లా పడుతున్నాయే?" అని ఫోన్ చేసింది పెద్దమ్మ.

"సరిగ్గా కల్యాణానికే పెద్దమ్మా."

"మాత్రలు వేసుకో. రోకలి ఒక్కసారి వాళ్ళ చేతికి పోయిందా, మళ్ళీ మన చేతికి రాదు. మేడ తిరిగొచ్చిందా మనకి?"

నెల వాయిదా వేసే మాత్రల గురించి ఆడవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. పెళ్ళికి, వ్రతానికి, తిరుపతి ప్రయాణానికి మా వైపు వాటిని మింగనివారు తక్కువ. మందుల కొట్టువాడు ఎందుకని కూడా అడగడు. నేనూ వేసుకున్నాను. పట్టుచీర కట్టుకుని, కొంగు దోపుకుని, తొలి పోటు వేశాను. మేడ కొనుక్కున్నావిడ పక్కనే నిలబడి చూసింది. పసుపు కొమ్ములు పగిలిన చప్పుడు నాకు చాలా బాగుంది. ఇందులో దాపరికం ఏమీ లేదు.

మాత్రలు ఆపేశాక కొద్దిరోజుల్లో రావలసింది రాలేదు.

మేం విజయవాడ వన్ టౌన్‌లో ఒక మేడ మీద వాటాలో ఉంటాం. కింద బట్టల గోడౌన్. మా వారు అక్కడే ఒక టోకు బట్టల కొట్లో మేనేజరు. నేను కాలేజీలో పాఠాలు చెబుతాను. ఆయనవాళ్ళు పెడనలో నేతవాళ్ళు. మా అత్తగారు నాంచారమ్మ గారు కాళ్ళు సహకరించినన్నాళ్ళు మగ్గం మీద కూర్చుని, ఇప్పుడు మా దగ్గర ఉంటున్నారు. ఆవిడకు నన్ను దొరసాని అనడం సరదా. ఆ సరదా నాకు ఏ రోజూ అలవాటు కాలేదు.

"మాత్రలు మింగి పొమ్మంటే అదేవన్నా నీ కాలేజీ పిల్లా, చెప్పగానే పోడానికి? అలిగింది. అలక తీరితే అదే వచ్చిద్ది అమ్మాయ్" అన్నారు అత్తగారు.

ఆ మాట నాకు చాలా ఊరటగా అనిపించింది. ఆలస్యానికి కారణం దొరికింది కనక ఇంకో కారణం వెతకనక్కర్లేదు. కింద గోడౌన్లో కొత్త బట్టల బేళ్ళు విప్పినప్పుడల్లా మెట్ల మీదికి వచ్చే గంజి వాసన ఏళ్ళ తరబడి నేను పట్టించుకోని వాసన. ఆ రోజుల్లో అది ముక్కుకు తగలగానే నోట్లో నీళ్ళు ఊరేవి. ఎండలు మొదలవుతున్నాయి, పైత్యం అనుకున్నాను. రొమ్ములు బరువెక్కాయి. మాత్రల వేడి అనుకున్నాను. మనిషి వద్దనుకుంటే ఎంత తెలివిగానైనా వద్దనుకోగలదు. నేను వద్దనుకున్నది గర్భం కాదు. మళ్ళీ ఒకసారి ఆశపడి నలుగురిలో తల దించుకోవడం.

ఒక సాయంత్రం పరీక్ష కిట్టు కొందామని మందుల కొట్టు దాకా వెళ్ళాను. కొట్టతను మా వీధివాడే. అత్తగారి షుగర్ మాత్రలు అక్కడే కొంటాం. నా వెనక ఇద్దరు నిలబడ్డారు.

"చెప్పండి మేడం, ఏం కావాలి?"

"తలనొప్పి బామ్" అన్నాను.

ఆ బామ్ సీసా మూత ఇంకా తియ్యలేదు.

శివరాత్రి

శివరాత్రికి ముందు రోజు మరకలు కనిపించాయి. ఎప్పటిలా ఎర్రగా కాదు, కాఫీ డికాక్షన్ రంగులో, కొంచెమే. నేను బాత్రూంలో గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాను. ఏడుపు రాలేదు. 'చూశావా, అనలేదు కదా, మంచిదైంది' అని నాకు నేనే చెప్పుకున్నాను.

మా పుట్టింటి అలవాటు ప్రకారం నేను ఆ మూడు రోజులూ విడిగా ఉంటాను. బాల్కనీలో ఒక చాప, నా కంచం, నా చెంబు. అత్తగారి ఇంట్లో ఆ పట్టింపు లేదు. ఆవిడకు అదొక వింత.

"మా ఇంట్లో ఇట్టా కూర్చుంటే మగ్గం ఎవరు నేసేవాళ్ళమ్మాయ్? నూలుకేవన్నా మైల ఉందా?" అంటూనే అన్నం తెచ్చి చాప పక్కన పెట్టారు. "పండగపూట గుడికి కూడా రావా?"

"రాకూడదండి అత్తయ్యగారూ."

"శివుడు ఏవనుకోడులే. నెత్తిన గంగని పెట్టుకుని తిరిగేవాడు, ఆయనకి ఆడవాళ్ళ సంగతి తెలీదా?"

నేను నవ్వలేదు. ఆవిడ నిట్టూర్చి, మా వారిని తీసుకుని కొండమీద గుడికి వెళ్ళారు. నేను బాల్కనీలో చాప మీద వెన్ను నిలిపి కూర్చుని, కింద సందులో ఉపవాసం వాళ్ళు అరటిపళ్ళు, చిలగడదుంపలు కొనుక్కుపోతుంటే చూశాను.

ఇది రాస్తున్నప్పుడు నా చెయ్యి ఇక్కడే ఆగుతోంది. ఆ మూడు రోజులూ నా కడుపులో గర్భం ఉంది. కడుపుతో ఉండి నేను ముట్టు పాటించాను. చిన్నప్పటినుంచీ విన్నదాని ప్రకారం అన్నీ సక్రమంగా చేశాను, నాలుగో రోజు తలస్నానం చేసి లోపలికి వచ్చాను. ఆ స్నానంతో 'నెల వచ్చేసింది' అన్నది మా ఇంట్లో ఖాయమైపోయింది. ఖాయమైన దాన్ని మళ్ళీ ఎవరు ప్రశ్నిస్తారు?

ఫాల్గుణం

మరకలు ఆగలేదు. ఒక రోజు కనిపిస్తాయి, రెండు రోజులు ఉండవు, మళ్ళీ కనిపిస్తాయి. పొత్తికడుపులో కుడివైపు ఒక్కచోటే నొప్పి. నెలసరి నొప్పి నడుమంతా పాకుతుంది, దాని సంగతి నాకు తెలుసు. ఇది అలా కాదు. ఎవరో వేలు పెట్టి అక్కడే నొక్కుతున్నట్టు ఉండేది.

మా వారితో చెప్పలేదు. మా పుట్టింట్లో ఆడవాళ్ళు నొప్పి అని నోరు విప్పరు. కానీ ఒక రోజు అన్నం వడ్డిస్తూ గరిటె వదిలేశాను. అప్పుడాయన పట్టుబట్టి వీధి చివర క్లినిక్‌కి తీసుకెళ్ళారు. బెంచీల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. జ్వరాలు, దగ్గులు, కట్టు కట్టుకున్న హమాలీ ఒకాయన. నర్సు అందరి ముందూ అడిగింది, గొంతు తగ్గించకుండా.

"ఏమ్మా, నెల తప్పిందా?"

బెంచీ మొత్తం నా వంక తిరిగింది. మా ఊరు, చలిమిడి, నా నడుం వంక చూసిన కళ్ళు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"తప్పలేదు. ఆలస్యమైంది, అంతే. వచ్చేసింది కూడా" అన్నాను.

నేను చదువుకున్నదాన్ని. జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. అయినా ఆ జవాబు అబద్ధమని నాకు అనిపించలేదు. తప్పడం వేరు, ఆలస్యం కావడం వేరు, ఆ రెండు మాటలకూ మధ్య నా పరువంతా ఉంది. లోపల డాక్టరుగారు నర్సు చెప్పింది విని, గ్యాస్‌కి, నొప్పికి మందులు రాసి, తగ్గకపోతే స్కానింగ్ చేయిద్దాం రమ్మన్నారు. ఆయన్ను నేను తప్పు పట్టను. నేనిచ్చిన జవాబుకు ఆయన మందు రాశారు.

ఫాల్గుణం సగంలో ఒక రోజు కాలేజీలో ఉండగా మొదలైంది. మా కాలేజీ మైలవరంలో. పాఠం చెబుతుంటే బోర్డు మీది అక్షరాలు దూరంగా వెళ్ళిపోయాయి. బల్ల పట్టుకుని నిలబడి పాఠం పూర్తి చేశాను. పిల్లలు కనిపెట్టలేదు, దానికి నేను ఆ పూట గర్వపడ్డాను కూడా. సెలవు చెప్పి బస్సెక్కాను.

బస్సులో సీటు లేదు. కూరగాయల గంపతో కూర్చున్న ఒకావిడ నన్ను చూసి లేచింది.

"కూచో అమ్మా. మొహం సున్నం కొట్టినట్టుంది. వేవిళ్ళా?"

"కాదండి. ఎండ దెబ్బ."

"ఎండకి చెమట పడద్ది. నీకు చల్లగా పడతాంది" అని నా మోచెయ్యి పట్టుకుని చూసి, బలవంతంగా కూర్చోబెట్టింది. ఊరు వచ్చేదాకా గంప కాళ్ళ మధ్య పెట్టుకుని నా ముందే నిలబడింది, నేను ముందుకు పడకుండా. ఆవిడ పేరు నాకు తెలియదు. కుదుపు వచ్చినప్పుడల్లా కడుపులో ఏదో చిరుగుతున్నట్టు ఉంది. దాంతోపాటు కుడి భుజం కొనలో ఒక వింత నొప్పి. భుజానికేమైందో నాకు అర్థం కాలేదు. రోకలి పట్టి చాలా రోజులైంది కదా అనుకున్నాను.

మా మేడమెట్లు సగం ఎక్కాను. గంజి వాసన వచ్చింది. ఆ తరవాత గుర్తున్నది అత్తగారి మొహం, ఆవిడ గాజుల చప్పుడు.

ఆవిడే గోడౌన్ వాళ్ళను పిలిచి నన్ను కిందికి దింపించి ఆటో ఎక్కించారు. నా తల ఆవిడ ఒళ్ళో. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను అత్తగారి ముందు పడుకున్నది లేదు. లేవబోయాను.

"పడుకోవే!" అని కసిరారు. అంతకు ముందు ఏనాడూ నన్ను 'ఏవే' అనలేదు. "దొరసానితనం రేపు చేద్దువుగాని."

మధ్యాహ్నం వేళ వన్ టౌన్ సందులు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళకు తెలుసు. బేళ్ళ తోపుడు బళ్ళు ఒకదాని వెనక ఒకటి. ఆటో ఆగిపోయింది. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, ఎవరికీ పట్టలేదు. అత్తగారు తల బయట పెట్టి, మగ్గాల చప్పుడు మీద మాట్లాడి అలవాటైన గొంతుతో అరిచారు.

"బళ్ళు తియ్యండయ్యా! నా కోడలు చచ్చిపోయేట్టుంది, తియ్యండి! మీ ఇళ్ళల్లో ఆడపిల్లలు లేరా!"

నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, నిజంగానే చచ్చిపోతున్నానని తెలియక. కళ్ళు సగం తెరిచి చూస్తే, బళ్ళవాళ్ళు బేళ్ళతో సహా బళ్ళను కొట్ల గడపలకు ఆనించేస్తున్నారు. ఒకతను చేత్తో మా ఆటోను వెనకనుంచి తోస్తున్నాడు. "పోనీ, పోనీ, అమ్మగారికి బాలేదంట!" అని ఒకరి నుంచి ఒకరికి కేకలు. ఆ కేకలే మాకు దారి చేశాయి.

సూర్యారావుపేటలో ఆసుపత్రి. అక్కడ ఒక కుర్ర లేడీ డాక్టరు నా కళ్ళ రెప్పలు కిందికి లాగి చూసి, చివరి నెలసరి ఎప్పుడని అడిగింది.

"శివరాత్రికి వచ్చిందండి. నెల తప్పలేదు."

"సరేనమ్మా. అయినా పరీక్ష చేస్తాం. ఈ వయసు ఆడవాళ్ళు కడుపు నొప్పి, కళ్ళు తిరగడం అని వస్తే ముందు చేసేది అదే. మీరు కాదన్నా చేస్తాం, అవునన్నా చేస్తాం."

ఎవరో వచ్చారు, గొట్టం వేశారు, రక్తం తీశారు. కాసేపటికి నర్సు పరుగున వచ్చి కర్టెన్ తీసింది.

"మేడం, పాజిటివ్."

నాకు ఆ మాట అర్థమైంది. చుట్టూ అందరి మొహాలూ బిగుసుకున్నాయి, అది కూడా చూశాను. కానీ ఏం చెప్పను, నాకు సంతోషం వేసింది. పాజిటివ్. మంచం తోసుకుంటూ స్కానింగ్ గదికి తీసుకెళుతుంటే నేను పైకప్పు లైట్లు చూస్తూ, కుడి చెయ్యి కడుపు మీద పెట్టుకున్నాను. ఆ వరండా పొడుగునా నేను గర్భవతిని. తెలిసి గర్భవతిగా ఉన్నది నా జీవితంలో ఆ వరండా ఒక్కటే.

స్కానింగ్ గదిలో పెద్ద డాక్టరమ్మ తెర వంక చూసి, నా వైపు తిరిగి, నా చెయ్యి పట్టుకుని చెప్పింది. గర్భం నిలవాల్సిన చోట నిలవలేదు, పక్కనున్న ట్యూబులో నిలిచింది, అది చిట్లింది, కడుపు నిండా రక్తం ఉంది, ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలి, బిడ్డను నిలబెట్టే మార్గం లేదు.

"ఏ మార్గమూ లేదాండి?" అన్నాను.

"లేదమ్మా. ఇప్పుడు నేను చూడాల్సింది మిమ్మల్ని."

థియేటర్ తలుపు దగ్గర మా వారు నిలబడి ఉన్నారు. కొట్లోంచి అలాగే పరుగెత్తుకొచ్చారు, మెళ్ళో టేపు కూడా తియ్యలేదు. ఆయన చేతుల్లో నా చెప్పులు ఉన్నాయి. ఎప్పుడు ఊడిపోయాయో నాకు తెలియదు. రెండు చెప్పులూ గుండెకు ఆనించుకుని నిలబడ్డారు. మత్తు ఇచ్చేదాకా నాకు కనిపించింది అదే.

ఆసుపత్రి మంచం

ఒక ట్యూబు తీసేశారు. ఎవరెవరివో రక్తం సీసాలు ఎక్కించారు. కళ్ళు తెరిచాక నాకు కడుపు ఖాళీ అనిపించలేదు. ఏమీ అనిపించలేదు. అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

చూడవచ్చినవాళ్ళు అందరూ నన్ను ఓదార్చాలనే ఒకే మాట అన్నారు. "అదసలు గర్భమే కాదులేమ్మా, ట్యూబులో ఏదో పుండు లాంటిది." ఎవరైనా అలా అన్నప్పుడల్లా నేను తల ఊపేదాన్ని. నాకూ అదే సులువు అనిపించింది. గర్భమే కాకపోతే నేను పోగొట్టుకున్నదీ ఏమీ లేదు.

మూడో నాడో నాలుగో నాడో పెద్దమ్మ వచ్చింది, కారు మాట్లాడుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ. నా తల నిమిరింది. తరవాత గొంతు తగ్గించి చెప్పింది.

"ఊళ్ళో అపెండిసైటిస్ అని చెప్పాను వసూ. నువ్వూ అదే అను. లేకపోతే నెల తప్పిన మనిషి రోకలి పట్టకూడదు, పట్టింది కనకే ఇట్లా అయిందంటారు. రోకలి లాక్కోడానికి వాళ్ళకో వంక కావాలి, అంతే."

నేను అలవాటు చొప్పున తల ఊపబోయాను. కిటికీ దగ్గర బత్తాయి వలుస్తున్న అత్తగారు తొనలు గిన్నెలో పడేసి ఇటు తిరిగారు.

"అపెండిసైటిస్ ఏంటండీ వదినగారూ? నా కోడలు నీళ్ళోసుకుంది. నిలవలేదు. ఇందులో దాచేదేవుంది?"

"మీకు తెలియదండి. మా ఊళ్ళో మా మర్యాద…"

"మీ మర్యాద రోకట్లో ఉందేమో, నాకు తెలీదు. పదమూడేళ్ళకి నా ఇంట్లో ఒక బిడ్డ వచ్చింది. దారి తప్పి పక్క సందులో దిగింది, పాపం. వచ్చిందే రాలేదంటే ఆ బిడ్డకి ఎంత చిన్నతనం!"

పెద్దమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. ఆవిడకూ పిల్లలు లేరు, తను పడ్డవి నాకు ఎన్నడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కాసేపటికి అత్తగారు లేచి వెళ్ళి, గిన్నె ఆవిడ చేతిలో పెట్టి, "మీరు తినండి ముందు, పొద్దున్నెప్పుడో బయల్దేరి ఉంటారు" అన్నారు. ఇద్దరూ ఒకే గిన్నెలో తొనలు తిన్నారు. నేను గోడ వైపు తిరిగి అప్పుడు ఏడ్చాను, ఆపరేషన్ తరవాత మొదటిసారి. కుట్లు లాగాయి. ఎవరూ నన్ను ఊరుకోమనలేదు.

ఉగాది తరవాత

ఉగాది మంచం మీదే జరిగింది. పచ్చడి నాలిక మీద పెట్టారు, వేపపువ్వు తప్ప మరో రుచి తెలియలేదు. మెట్లు దిగడానికి భయం, బస్సంటే భయం. మా వారు ఉత్తపుణ్యానికి కోప్పడేవారు, తరవాత వచ్చి కాళ్ళ దగ్గర కూర్చునేవారు. "నాకైనా చెప్పుండకూడదా?" అని ఒకసారి అడిగారు. "ఆ మాట పైకి అంటే మళ్ళీ పోతుందని భయపడ్డాను" అన్నాను. "అనకపోయినా పోయింది కదా" అన్నారాయన. ఆ మాటకు చాలా రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. నిజం కాకపోతే అంత బాధించేది కాదు.

కుట్లు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మను అడిగాను, ఆ మాత్రల వల్లే ఇలా జరిగిందా అని. పెద్దమ్మ ఫోన్లో రోజూ ఏడుస్తూ అడుగుతున్న ప్రశ్న కూడా అదే.

"మీరు మాత్రలు మొదలుపెట్టేనాటికే గర్భం వచ్చేసిందమ్మా. వాటి వల్ల కాదు, పసుపు దంచడం వల్ల అసలే కాదు. మాత్రలు చేసిందల్లా నెల రాకపోవడానికి మీకొక సాకు ఇవ్వడం. ఆ సాకు లేకపోతే ముందే పరీక్ష చేసుకునేవారేమో."

చేసుకునేదాన్నా? ఇప్పటికీ తెలియదు. నా దగ్గర సాకులు ఇంకా ఉన్నాయి.

ఇది చదివే ఆడవాళ్ళలో ఎవరికైనా నెల ఆలస్యమై ఉంటే, దానికి ఏ పేరైనా పెట్టుకోండి, అలక అనుకోండి, వేడి అనుకోండి, పరీక్ష మాత్రం చేసుకోండి. తెలిసిన కొట్లో సిగ్గయితే తెలియని వీధికి వెళ్ళండి. మాత్రలు ఆపాక రావలసింది రాకపోతే చేసుకోండి. మరక కనిపించినంత మాత్రాన నెల వచ్చేసిందని స్నానం చేసి ఊరుకోకండి. మామూలుగా వచ్చేలా రాకపోతే అప్పుడూ చేసుకోండి. ఒక్కవైపే నొప్పి, కళ్ళు తిరగడం, కారణం లేని భుజం నొప్పి, వీటిలో ఏది వచ్చినా పాఠం పూర్తి చెయ్యకండి. బల్ల వదిలేసి ఆసుపత్రికి వెళ్ళండి. అలా వెళ్ళినా ఒక్కోసారి బిడ్డ దక్కదు, నాకూ దక్కేది కాదు. కానీ ఆటోలో అత్తగారు అరవాల్సి వచ్చేది కాదు.

వైశాఖం

పోయిన వారం మళ్ళీ స్కానింగ్‌కి వెళ్ళాం, రెండో ట్యూబు ఎలా ఉందో చూడడానికి. ఎండ నిప్పులు చెరుగుతోంది. హాలంతా కడుపుతో ఉన్నవాళ్ళే. ఒకమ్మాయి పొట్ట మీద గ్లాసు పెట్టుకుని మజ్జిగ తాగుతోంది, అది చూసి పక్కనున్న వాళ్ళమ్మ తిడుతోంది. నేను కుర్చీ అంచున ఎప్పటిలాగే నిటారుగా కూర్చున్నాను. పక్కన అత్తగారు, వాటర్ బాటిల్‌తో, ఫైలుతో.

పేరు పిలిచే చోట కొత్త నర్సు. చిన్నపిల్ల. నా వంక చూసి, గొంతేమీ తగ్గించకుండానే అడిగింది.

"ఇంతకు ముందెప్పుడైనా నెల తప్పిందా అమ్మా?"

మజ్జిగ తాగే అమ్మాయి ఇటు చూసింది. వాళ్ళమ్మ చూసింది. అత్తగారు జవాబు చెప్పడానికి నోరు తెరిచి, ఏమనుకున్నారో, మూసుకుని నా వైపు తిరిగారు.

"తప్పింది" అన్నాను. "ఒకసారి."

"నిలిచిందా?"

"నిలవలేదు."

నర్సు తల ఊపి, కూర్చోండి పిలుస్తాం అంది. మజ్జిగ తాగే అమ్మాయి తల్లి తన చేతిలో విసనకర్రను కొంచెం నా వైపు తిప్పి విసరడం మొదలుపెట్టింది. అత్తగారు బాటిల్ మూత తీసి ఇచ్చారు. నేను నీళ్ళు తాగి, కుర్చీకి వీపు ఆనించాను.